బల్లలు తీసేసిన బడి

నల్లకుంట నుంచి అడిక్‌మెట్ వైపు పోయే సందుల్లో ఒక చిన్న చర్చి హాలు ఉండేది. ఆదివారం ఆరాధన, మిగతా ఆరు రోజులూ తాళం. నేను ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజుల్లో ఆ హాల్లో ఒక బడి మొదలైంది. మొదలుపెట్టింది ఇద్దరు భార్యాభర్తలు. ఇద్దరూ చిన్నప్పుడు హాస్టళ్లలో అన్నం తిని, బళ్లలో దెబ్బలు తిని పైకొచ్చినవాళ్లు. ఆ అన్నాన్ని మర్చిపోకూడదు, ఆ దెబ్బలు ఇంకో పిల్లకి తగలకూడదు. బడి పెట్టడానికి వాళ్లు చెప్పిన కారణం అంతే.

ఒకటి నుంచి ఐదు వరకు కలిపి ముప్పై మంది దాకా పిల్లలు. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, ఫీవర్ హాస్పిటల్ దగ్గర బండి మీద పండ్లమ్మేవాళ్ల పిల్లలు. బెత్తం లేదు, ర్యాంకు లేదు, హోంవర్కు లేదు. నేను వారానికి మూడు పూటలు కథలు చెప్పడానికి వెళ్లేవాణ్ని.

మొదటి నెలలోనే మేమంతా కలిసి చేసిన గొప్ప పని ఒకటుంది. ఎవరో దానమిచ్చిన బల్లల్ని వెనక వరండాలో పడేసి, హాలంతా జంపఖానాలు పరిచాం. అప్పటికి మాకందరికీ 'రైలుబడి' కంఠతా వచ్చు. బల్లలు వరసగా ఉంటే పిల్లలు సిపాయిలవుతారని, గుండ్రంగా కింద కూర్చుంటే దోస్తులవుతారని మా నమ్మకం.

తల్లిదండ్రుల మీటింగు రోజున ఒక పాప వాళ్లమ్మ లేచి నిలబడింది. కోపంగా కూడా లేదు. మెల్లగా అడిగింది.

"సార్, మా నాయిన బడి బయట కూసొని సదువుకున్నడు. నేను లోపట్నే కూసున్న గని కింద కూసున్న. నా బిడ్డనన్న బల్ల మీద కూసుంటదని ఈడికి తోల్కొస్తే, మీరు బల్లలే తీసేస్తిరి."

మా దగ్గర జవాబు లేదు. జంపఖానా వెనక ఉన్న విద్యా సిద్ధాంతాన్ని ఆమెకు వివరించబోయిన మా వాడొకడు మధ్యలోనే ఆగిపోయాడు. ఆ రోజు నుంచి ప్రత్యామ్నాయ విద్య గురించిన పుస్తకాల్ని నేను మునుపటిలా చదవలేకపోయాను. ఈ వ్యాసం ఆ పుస్తకాల గురించే. ఆమె అడిగింది పట్టుకుని వాటిని మళ్లీ చదివితే ఏం కనిపించిందో చెప్పడానికి.

*

ముందు 'రైలుబడి'. తెత్సుకో కురొయనాగి రాసిన ఈ పుస్తకం జపాన్‌లో 1981లో వచ్చింది. తెలుగులో చదవని పుస్తకప్రియులు తక్కువే. టోక్యోలో కొబయాషి అనే హెడ్మాస్టరు నడిపిన తొమోయె బడి కథ ఇది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. ఏ పాఠం ముందు చదవాలో పిల్లలే ఎంచుకుంటారు. కొత్తగా చేరడానికొచ్చిన తొత్తోచాన్ చెప్పే కబుర్లను హెడ్మాస్టరు నాలుగు గంటల సేపు ఆవలించకుండా వింటాడు. ఆ ఒక్క దృశ్యం చదివి టీచరవ్వాలనుకున్నవాళ్లు నాకు కనీసం ముగ్గురు తెలుసు.

ఈ పుస్తకం మొదలయ్యేది ఒక బల్ల దగ్గర. తొత్తోచాన్‌ని అంతకుముందు బడి నుంచి పంపేయడానికి ఒక కారణం, ఆమె తన బల్ల మూతని వందసార్లు తెరిచి మూస్తుంది. టీచరుకి పిచ్చెక్కుతుంది. మనకి నవ్వొస్తుంది, పిల్ల మీద ప్రేమ పుడుతుంది. పాప వాళ్లమ్మ మాట విన్నాక ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. తొత్తోచాన్‌కి బల్ల ఆటవస్తువు ఎలా అయింది? అది తనదా కాదా అన్న అనుమానం ఆ పిల్లకి ఎప్పుడూ రాలేదు కాబట్టి. వాళ్ల నాన్న ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తాడు. ఒక బడి వద్దంటే ఆ పిల్ల కోసం ఇంకో బడి వెతకగలిగిన అమ్మ ఉంది. బడి అనేది ఆ ఇంటికి తరతరాలుగా తెరిచి ఉన్న తలుపు. ఆ తలుపులోంచి బయటికి, చెట్ల కిందికి, పొలాల్లోకి పిల్లల్ని నడిపించడం కొబయాషి చేసిన అందమైన పని.

గిజుభాయి 'పగటికల' కూడా అంతే. గుజరాత్‌లో 1930ల మొదట్లో వచ్చిన ఈ పుస్తకంలో ఒక ఉత్సాహవంతుడు విద్యాధికారిని అడిగి నాలుగో తరగతిని ఏడాది పాటు ప్రయోగానికి తీసుకుంటాడు. మొదటి రోజు మౌనం ఆట ఆడించబోతే క్లాసంతా గోల. మర్నాడు కథ మొదలుపెడితే అదే క్లాసు నోరు తెరుచుకుని వింటుంది. నేను చర్చి హాల్లో కథలు చెప్పడం నేర్చుకున్నది ఈ పుస్తకం నుంచే. కానీ ఇక్కడ కూడా పిల్లలు అప్పటికే బడి లోపల ఉన్నారు. లోపలున్నవాళ్లని సంతోషంగా ఎలా ఉంచాలి అన్నది గిజుభాయి ప్రశ్న. మంచి ప్రశ్నే. లోపలికి రానివ్వని చోట అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం అది కాదు.

*

మన నేల మీద ఆ మొదటి ప్రశ్న అడిగిన బళ్లు ఉన్నాయి. వాటిని మనం 'ప్రత్యామ్నాయ' బళ్లు అనం. మిషన్ బడి అంటాం. అందులో కొంచెం చిన్నచూపు కూడా ఉంటుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట్లో ఊళ్లోని పై కులాలవాళ్లు ఆయనతో మర్యాదగానే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆయన బడికి వచ్చారు. మాదిగలు బాప్తిస్మం తీసుకోవడం మొదలయ్యాక లెక్క మారింది. వాళ్లయినా ఉండాలి, మేమైనా ఉండాలి అన్నారు. క్లౌ మాదిగలవైపు నిలబడ్డాడు, పెద్దింటి పిల్లలు బడి మానేశారు. ఆయన చనిపోయాక 1914లో వచ్చిన ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్'లో ఈ ఘట్టం ఉంది. నా దృష్టిలో తెలుగు నేల మీద విద్యా సంస్కరణ చరిత్ర రాస్తే, సగం ఖాళీ అయిన ఆ తరగతి గదికి ఒక అధ్యాయం ఇవ్వాలి. ఎవరు మానేస్తారో తెలిసి కూడా ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకోవడం పాఠ్య ప్రణాళిక కన్నా పెద్ద సంస్కరణ.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి రైలెక్కితే వరంగల్ దాటాక వచ్చే డోర్నకల్‌కి వద్దాం. అప్పట్లో అది నిజాం రాజ్యం. తిరునెల్వేలి ప్రాంతం నుంచి 1909లో అక్కడికొచ్చిన వి.ఎస్. అజరయ్య తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా డోర్నకలే ఆయన ఊరు. అక్కడ ఆయన కట్టించిన కెథెడ్రల్‌లో గుమ్మటాలూ మినార్లూ గుడి స్తంభాలూ కలిసి ఉంటాయి. కానీ ఆయన పని అసలు సాగింది మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో, ఒక గది పాకల్లో. ఆదివారం అదే గుడి, మిగతా రోజుల్లో అదే బడి. పాఠం చెప్పేదీ ప్రార్థన చేయించేదీ ఒక్కడే, ఆ పల్లె నుంచే వచ్చిన పంతులు. పగలు పిల్లలు పశువుల వెంట పోతారు కాబట్టి చాలాచోట్ల రాత్రి బడే బడి.

ఆ పాకలో ఏం జరిగేదో ఊహించండి. అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు వల్లె వేయించడం, వాక్యాలు కంఠతా పట్టించడం, కీర్తనలు పాడించడం. 'రైలుబడి' చదివిన మనకి ఇదంతా బట్టీ చదువు. అయినా లాంతరు ముందు కూర్చుని 'అ' దిద్దిన ఆ పిల్లవాడి తాత ఊరి బడి అరుగు కూడా ఎక్కలేదు. వాడికి పలక మీద గీత బంధనం ఎలా అవుతుంది? కొబయాషి పిల్లల్ని బడి నుంచి విడుదల చేశాడు. పల్లె పంతులు పిల్లల్ని బడిలోకి విడుదల చేశాడు. ఈ రెండో విడుదల గురించి రాయడానికి మన విద్యా సాహిత్యానికి ఇంకా మాటలు కుదరలేదు.

*

కుదిరిన చోటు కథా సాహిత్యం. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో కరువుకాలంలో శివయ్య, శశిరేఖ పని వెతుక్కుంటూ బకింగ్‌హాం కాలువ తవ్వకానికి వెళ్తారు. అక్కడా కులం ముందే చేరి ఉంటుంది. ఆకలితో చచ్చేవాళ్లలో కూడా అంటరానివాళ్లు వేరు. ఆ దశలోనే క్రైస్తవం వాళ్ల జీవితంలోకి వస్తుంది. 1876–78 కరువులో ఆ కాలువ పనిలో కొంత భాగాన్ని క్లౌ నిజంగానే కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని ఇచ్చాడు. కానీ నవల మిషనరీకి హారతి పట్టదు. మతం మారిన రెడ్డి చర్చిలో కూడా రెడ్డిగానే కూర్చోవడాన్ని అంతే నిక్కచ్చిగా చూపిస్తుంది. అన్నం పెట్టిన చెయ్యినీ, కులాన్ని వదలని చెయ్యినీ ఒకే పేజీలో పెట్టగలగడం ఆ నవల బలం.

సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) ఇంకో మెట్టు ముందుకెళ్తుంది. కెనడియన్ మిషనరీల బళ్ల పుణ్యాన చదువుకుని, తాత తరానికే పంతుళ్లయిన కుటుంబం వాళ్లది. మేనమామ కె.జి. సత్యమూర్తి, మనకు తెలిసిన శివసాగర్. చదువు వాళ్ల కులాన్ని చెరపలేదు, పేదరికాన్ని కూడా పూర్తిగా తీయలేదు. కానీ చదువు లేకపోతే ఆ పుస్తకమే ఉండేది కాదు. మిషన్ బడిని పొగడాలా తిట్టాలా అని అడిగేవాళ్లకి ఈ పుస్తకంలో జవాబు దొరకదు. ఆ బడి నుంచి ఒక ఇల్లు ఎంత దూరం నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది మాత్రం దొరుకుతుంది.

మిషన్లని నిలదీయాల్సింది కూడా ఇక్కడే ఉంది. పల్లెలో మాదిగ పిల్లవాడికి ఒక గది పాక, తెలుగు అక్షరాలు. పట్నంలో ఉన్నవాళ్ల పిల్లలకి రాతి భవనాలు, ఇంగ్లీషు, టై. హైదరాబాద్‌లో కాన్వెంటు అనే మాటకున్న మోజు అలా పుట్టిందే. ఒకే దేవుడి పేరు మీద రెండు రకాల బళ్లు నడిచాయి. చర్చి హాల్లో మా బడికి వచ్చిన తల్లులు మొదటి రకం బడి మనవరాళ్లు. వాళ్లు రెండో రకాన్ని అడుగుతున్నారు. మేం వాళ్లకి మూడోది, జపాన్ నుంచి తెచ్చినది ఇవ్వబోయాం.

మా సందు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఈ విషయాన్ని మాకన్నా ముందే ఆలోచించినవాళ్లున్నారు. ఉస్మానియా క్యాంపస్‌లో చాలాకాలం నడిచిన అన్వేషి వాళ్లు 2008లో 'డిఫరెంట్ టేల్స్' అనే పిల్లల పుస్తకాలు తెచ్చారు. ఖదీర్‌బాబు, గోగు శ్యామల లాంటివాళ్లు వాటిలో రాశారు. పిల్లల పుస్తకాల్లో 'పిల్లవాడు' అనగానే ఒక మధ్యతరగతి ఇంటి పిల్లవాడే ఎందుకు వస్తాడు అన్నది వాటి వెనకున్న ప్రశ్న. మా హాల్లో అట్టపెట్టె నిండా కథల పుస్తకాలు పెట్టుకుని కూడా, ఆ ప్రశ్న జంపఖానాకి కూడా వర్తిస్తుందని మాకు తట్టలేదు.

*

ఆ మీటింగు తర్వాత, తార్నాకలో ఇఫ్లూలో చదివే స్నేహితుడు లైబ్రరీ నుంచి ఒక సన్నటి పుస్తకం తెచ్చిచ్చాడు. 'లెటర్ టు ఎ టీచర్'. ఇటలీలో 1967లో వచ్చింది. రాసింది బార్బియానా అనే కొండపల్లెలో చదువుకున్న ఎనిమిది మంది కుర్రాళ్లు. వాళ్లకి బడి పెట్టింది ఒక కాథలిక్ ఫాదరీ, లొరెంజో మిలానీ.

మిలానీ ఫ్లోరెన్సులో డబ్బున్న, చదువుకున్న ఇంట్లో పుట్టాడు. మొదట పనిచేసిన ఊళ్లో కూలీలకి సాయంత్రం బడి పెట్టాడు. కమ్యూనిస్టులు కూడా మొహమాటం లేకుండా రావాలని తరగతి గది గోడ మీది సిలువను తీసేశాడు. పై అధికారులకి నచ్చని ఇలాంటి పనుల ఫలితంగా 1954 చివర్లో ఆయన్ని రోడ్డు కూడా సరిగ్గా లేని బార్బియానాకి పంపేశారు. చిన్నబోకుండా అక్కడ కూడా బడే పెట్టాడు. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే నలభై నాలుగేళ్ల వయసులో చనిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బడిలో ఆటల్లేవు. సెలవుల్లేవు. ఆదివారం కూడా బడే. పొద్దున్నుంచి రాత్రిదాకా చదువే. 'రైలుబడి' ప్రేమికుడు అక్కడ ఒక్క రోజు కూడా ఉండలేడు. కానీ పిల్లలు ఆ బడిని ఇష్టపడ్డారు. ఎందుకో పుస్తకంలో వాళ్లే చెప్తారు. ఇంటి దగ్గర ఆవులున్న కుర్రాడికి బడికి బదులు ఆట దొరకదు, పేడ ఎత్తే పని దొరుకుతుంది. సెలవు అనేది సెలవు దొరికే ఇళ్ల పిల్లలకే సెలవు. ఈ మాట చదివినప్పుడు నాకు మా బడిలో ఎండాకాలం సెలవులకి అమ్మతో పాటు అంట్లు తోమడానికి వెళ్లిన పిల్లలు గుర్తొచ్చారు. హోంవర్కు లేదని మేం గర్వపడిన సాయంత్రాల్లో వాళ్లేం చేసేవాళ్లో మేం ఎప్పుడూ అడగలేదు.

ఆ పుస్తకంలో కుర్రాళ్లు తమని ఫెయిల్ చేసిన సర్కారు బడి టీచరుని నిలదీస్తారు. ఎవరి పిల్లలు ఏ తరగతిలో రాలిపోతున్నారో లెక్కలు కట్టి పట్టికలు వేస్తారు. నిండా కోపం. ఆ కోపం చాలాచోట్ల అన్యాయంగా కూడా ఉంటుంది. ఒక టీచరమ్మ మీద దేశం మొత్తం తప్పుల్ని మోపడం నాకిప్పటికీ మింగుడుపడదు.  అయినా తెలుగులో మనం ప్రేమించే విద్యా పుస్తకాలన్నీ గొప్ప గురువుల గురించి. ఇది మాత్రం రాలిపోయిన పిల్లలే, తలా ఒక కాగితం ముక్క రాసి, వాటిని కలిపి, కొట్టేసి, తిరగరాసి తయారు చేసినది. ఆ తేడా ప్రతి పేజీలోనూ తెలుస్తుంది.

ఒక ఎదురు ప్రశ్న న్యాయంగా వస్తుంది. సెలవుల్లేకుండా పొద్దస్తమానం చదివించడమే విముక్తి అయితే మన కార్పొరేట్ కాలేజీలు చేస్తున్నది కూడా అదేగా? నేను కూడా చాలాకాలం ఇక్కడ తికమకపడ్డాను. తేడా గంటల్లో లేదు. బార్బియానాలో వెనకబడిన పిల్లవాడికి అర్థమయ్యేదాకా మిగతావాళ్లు ముందుకెళ్లరు. కార్పొరేట్ కాలేజీలో వాడిని చివరి సెక్షన్‌లోకి తోస్తారు. రెండు చోట్లా బల్లలున్నాయి, పన్నెండు గంటల చదువుంది. క్లాసు ఎవరి కోసం ఆగుతుంది అన్నది ఒక్కటే అడిగితే రెండూ విడిపోతాయి.

భాష విషయంలో కూడా మిలానీ మనకి పనికొస్తాడు. మాట రాకపోవడమే పేదవాడిని పేదవాడిగా ఉంచుతుందని ఆయన నమ్మకం. అందుకే రోజూ పేపరు చదివించేవాడు, ప్రతి మాటనీ తవ్వించేవాడు, కుర్రాళ్లని పరాయి భాషలు నేర్చుకోవడానికి పరదేశాలకు పంపించాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు మన సాహిత్య లోకం రెండుగా చీలింది. అమ్మభాష పోతుందన్నవాళ్లలో చాలామంది పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదివారు. కంచ ఐలయ్య లాంటివాళ్లు ఇదే ఎత్తి చూపారు. నేను తెలుగుని ప్రేమించేవాడిని. చిన్న పిల్లలకి సొంత భాషలో చెప్తేనే బాగా ఎక్కుతుందని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మాట చెప్పే ముందు నేను ఏ బల్ల మీద కూర్చుని మాట్లాడుతున్నానో చూసుకోవడం ఆ ఎనిమిది మంది దగ్గర నేర్చుకున్నాను.

*

మా బడి ఆరేళ్లు నడిచింది. సిలువ గురించి మాకూ గొడవైంది. హాలు చర్చిది కాబట్టి రోజూ ప్రార్థన ఉండాలని సంఘ పెద్దలు, వచ్చే పిల్లల్లో సగం మంది క్రైస్తవులు కారు కాబట్టి వద్దని అక్క. చివరికి పొద్దున్నే ఒక నిమిషం అందరూ కళ్లు మూసుకోవడం దగ్గర రాజీ కుదిరింది. ఆ నిమిషంలో ఎవరి దేవుడు వాళ్లకి. కొంతమంది నిద్రపోయేవాళ్లు. పెద్దలకి అది నచ్చలేదు. అద్దె అడగని హాలు కాస్తా అద్దె అడిగే హాలైంది. పిల్లలు ఒక్కొక్కరే ఇంగ్లీషు బోర్డున్న బళ్లకి వెళ్లిపోయారు. ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టలేను.

ఓడిపోయిన బడి గురించి రాయడం తేలిక. ఓటమికి కూడా ఒక అందం అంటగట్టొచ్చు. అందుకే బడి మూతపడ్డ రోజు గురించి రాయకుండా, మీటింగు అయిన తర్వాతి సోమవారం గురించి రాసి ముగిస్తాను.

ఆదివారం సాయంత్రం అన్నా నేనూ ఇంకో ఇద్దరం కలిసి వరండాలోంచి బల్లల్ని లోపలికి మోశాం. రెండిటికి కాళ్లు ఊగుతున్నాయి, అట్టముక్కలు దూర్చాం. మర్నాడు ఆ పాప అందరికన్నా ముందొచ్చి మొదటి బల్ల మీద కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు. ఇంటర్వెల్‌కి దిగలేదు, అన్నం కూడా అక్కడే తింది. కథ టైములో మిగతా పిల్లలంతా జంపఖానా మీద చేరారు. ఆమె రాలేదు. నేను రెండుసార్లు పిలిచాను. తల అడ్డంగా ఊపింది. కాసేపటికి నేనే జంపఖానా మీంచి లేచి, వెళ్లి ఆమె పక్కన బల్ల మీద కూర్చుని కథ మొదలుపెట్టాను. పాప కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.